తుఫానుకి ఒక ప్లాన్, గ్యాస్ లీకుకి ఇంకో ప్లాన్ (వైజాగ్ వాళ్ల కోసం)

అక్టోబర్ వచ్చిందంటే చాలు బంగాళాఖాతంలో వాయుగుండం, హార్బర్‌లో మూడో నంబర్ హెచ్చరిక అని టీవీలో స్క్రోలింగ్, మనమేమో నాలుగు కొవ్వొత్తులు, రెండు బ్రెడ్ ప్యాకెట్లు కొనేసి రెడీ అనుకుంటాం. గాలి ఉండేది ఒక పూటేనండి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ చూసినవాళ్లని అడగండి, ఆ తర్వాత రోజులే ఎక్కువ ఏడిపించాయంటారు, కరెంటు లేదు, కరెంటు లేక మోటార్ లేదు, మోటార్ లేక నాలుగో ఫ్లోర్‌లో చుక్క నీళ్లు లేవు, సెల్ సిగ్నల్ లేదు, బంకుల దగ్గర చాంతాడంత క్యూలు. అందుకే సరుకులు కరెంటు లేని వారానికి లెక్కేసుకోండి.

ముందు నీళ్లు. తాగడానికి, వంటకి మనిషికి రోజుకి 4 లీటర్లు అనుకుంటే నలుగురున్న ఇంటికి వారానికి 112 లీటర్లు, అంటే 20 లీటర్ల టిన్నులు ఆరు. వాడకానికి బకెట్లు, డ్రమ్ములు అన్నీ నింపేయండి. మేడ మీద సింటెక్స్ ట్యాంక్ కూడా ఫుల్‌గా పెట్టాలి, ఖాళీ ట్యాంక్ గాలికి లేచిపోతుంది. సెల్లార్‌లో సంపు ఉంటే మూత గట్టిగా బిగించండి, వరద నీళ్లు అందులో కలిస్తే ఇక కాచకుండా, క్లోరిన్ బిళ్ల వేయకుండా తాగకండి.

తిండికి అటుకులు, మరమరాలు, ఉప్మా రవ్వ, పాలపొడి, ఇంకో గ్యాస్ బండ. చేతిలో కొంచెం క్యాష్, అందులోనూ చిల్లర నోట్లు, సిగ్నల్ లేకపోతే ఫోన్‌పే ఎవరికీ పనికిరాదు. ఇంట్లో షుగర్ వాళ్లుంటే ఇన్సులిన్‌ని కవర్లో చుట్టి తడిగుడ్డ కప్పిన మట్టికుండలో పెట్టుకోవచ్చు, బీపీ బిళ్లలు రెండు వారాలకి ముందే తెచ్చుకోండి.

వాతావరణ శాఖ వాళ్లు దాదాపు 48 గంటల ముందు సైక్లోన్ అలర్ట్, 24 గంటల ముందు వార్నింగ్ ఇస్తారు. అలర్ట్ రాగానే బాల్కనీలో కుండీలు లోపలికి, వదులుగా ఉన్న రేకులు కిందకి, కారు చెట్టు కింద నుంచీ సెల్లార్‌లోంచీ బయటికి. గాలిలో ఎగిరే రేకు కత్తి లెక్క. లిఫ్ట్ ముందే ఆపేయండి, సెల్లార్‌లోకి నీళ్లొస్తే మెయిన్ తీసేయాలి, ఎవరు తీస్తారో ఇప్పుడే అనుకోండి, అప్పుడు వాచ్‌మన్ వైపు చూస్తే లాభం లేదు.

గాలి సడన్‌గా ఆగిపోయి ఆకాశం తేరుకుందనుకోండి, అయిపోయిందని రోడ్డు మీదకి రాకండి. అది తుఫాను కన్ను. హుద్‌హుద్ కన్ను మన సిటీ మీదుగానే పోయింది. కాసేపటికి గాలి ఎదురు దిక్కు నుంచి మళ్లీ మొదలవుతుంది, మొదటి గాలికి సగం వంగిన చెట్టు అప్పుడు పడుతుంది.

అపార్ట్‌మెంట్‌లో అయితే ఒక్కరోజు మీటింగ్ పెట్టుకోండి, పెయింటింగ్ గురించి గంట కొట్లాడుకునే బదులు. ఒంటరిగా ఉన్న పెద్దవాళ్లు ఏ ఫ్లాట్లో, ఇన్వర్టర్ ఎవరికుంది, జనరేటర్ అద్దెకి తెస్తే మోటార్ రోజుకి ఎంతసేపు, డీజిల్ డబ్బులు ఫ్లాట్‌కి ఎంత. ఒక రంపం, లావు తాడు కొని కింద పెట్టండి, వీధిలో చెట్టు పడితే అంబులెన్స్ కూడా రాలేదు కదా. తెగిన తీగ కనిపిస్తే మాత్రం దగ్గరికి వెళ్లకుండా 1912కి చెప్పండి.

ఇక గ్యాస్ లీకు. తుఫానుకి ఇంట్లో ఉండాలి, దీనికి లేచి పోవాలి. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్ఆర్ వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ (ప్లాస్టిక్ తయారీకి వాడే రసాయనం) లీకైనప్పుడు జనం నిద్రలో ఉన్నారు, సైరన్ మోగలేదని తర్వాత హైపవర్ కమిటీ రిపోర్టే చెప్పింది. కాబట్టి ఘాటు వాసన, కళ్లు మండటం, అదే మీ సైరన్. స్టైరీన్ ఆవిరి గాలి కన్నా బరువు, కిందనే పేరుకుంటుంది, పల్లంలోకీ కాలవ వైపుకీ పరిగెత్తకండి. గాలి ఎటు వీస్తోందో జెండా చూడండి, చెట్టాకులు చూడండి, గాలికి అడ్డంగా, అంటే పక్కకి, మిట్ట వైపు నడవండి, ముక్కుకి తడిగుడ్డ. గాజువాక, మల్కాపురం, గోపాలపట్నం వైపు ఉండేవాళ్లు ఇంటి నుంచి అలా వెళ్లడానికి రెండు దార్లు పగలు ఒకసారి నడిచి చూసుకోండి, పిల్లల్ని కూడా తీసుకెళ్లి. 112, 108, 101 నంబర్లూ, ఊర్లో చుట్టాల నంబర్లూ పేపర్ మీద రాసి తలుపు వెనక అంటించండి.