జైలు నుంచి బయటికొచ్చాక హెచ్ఐవీ మందులు ఆగకుండా: సమస్య - పరిష్కారం (బెంగళూరు)

సమస్య: విడుదలయ్యారు, చేతిలో మాత్రలు లేవు.

కారణం: శిక్ష పూర్తయ్యేవాళ్లకు తేదీ ముందే తెలుస్తుంది. బెయిలు అలా కాదు. ఉత్తర్వు పరప్పన అగ్రహార జైలుకు చేరి, గేటు దాటేసరికి చాలాసార్లు చీకటి పడుతుంది. ఆ వేళకు మందులు ఇచ్చేవాళ్లు దొరకరు.

పరిష్కారం: బెయిలుకు అర్జీ వేసినప్పుడే జైలు డాక్టరుకు చెప్పి మీ ఏఆర్‌టీ (హెచ్ఐవీ మందుల చికిత్స) నంబరు, మందులు ఏ కేంద్రం నుంచి వస్తున్నాయో కాగితం మీద రాయించుకోండి. అది కుదరకపోయినా విడుదలైన మర్నాడు పొద్దున్నే ఆ కేంద్రానికి వెళ్లండి. కేంద్రం పేరు తెలియకపోతే శివాజీనగర్ బౌరింగ్ ఆసుపత్రిలోని ఏఆర్‌టీ కేంద్రానికి వెళ్లి, ఏ జైల్లో, ఎప్పటి నుంచి వాడారో చెప్పండి. ప్రభుత్వ కేంద్రాల్లో మందులు ఉచితం. దారి తెలియకపోతే హెచ్ఐవీ హెల్ప్‌లైన్ 1097కి ఫోన్ చేయండి.

సమస్య: మాత్రలు కొన్నే ఉన్నాయని రోజు విడిచి రోజు వేసుకుంటున్నారు.

ఇలా చేస్తే చాలా నష్టం. రక్తంలో మందు తగ్గిన రోజుల్లో వైరస్ పెరుగుతుంది, ఆ మందుకు లొంగని రకం తయారవచ్చు. ఉన్నన్ని రోజులూ డాక్టరు రాసినట్టే రోజూ పూర్తిగా వేసుకుంటూ, అయిపోకముందే కేంద్రానికి వెళ్లాలి. నిన్న మానేశామని ఈరోజు రెండు వేసుకోవద్దు. వారాల తరబడి ఆగిపోయి ఉంటే దగ్గు, జ్వరం, బరువు తగ్గడం, రాత్రి చెమటలు ఉన్నాయేమో డాక్టరుకు దాచకుండా చెప్పండి. మళ్లీ మొదలుపెట్టే ముందు టీబీ ఉందో లేదో చూడాలి. హెపటైటిస్ బి కూడా ఉన్నవాళ్లకు టెనోఫోవిర్ (హెచ్ఐవీ మాత్రలో ఉండే ఒక మందు) హఠాత్తుగా ఆగితే కాలేయం దెబ్బతినవచ్చు.

సమస్య: టీబీ మందులూ వాడుతున్నారు.

టీబీ మందుల్లో రిఫాంపిసిన్ ఉంటే రక్తంలో డోలుటెగ్రావిర్ అనే హెచ్ఐవీ మందు తగ్గిపోతుంది. అందుకే రోజూ వేసుకునే టీఎల్‌డీ (టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రావిర్ కలిసిన) మాత్రకు తోడు 12 గంటల తర్వాత 50 మిల్లీగ్రాముల డోలుటెగ్రావిర్ విడిగా వేసుకోవాలి. టీబీ మందు ఒకచోట, ఏఆర్‌టీ ఇంకోచోట తీసుకునేవాళ్లకు జారిపోయేది ఈ రెండో మాత్రే. రెండు చోట్లా రెండు మందుల కాగితాలూ చూపించండి.

సమస్య: అనంతపురమో కర్నూలో సొంతూరు వెళ్లిపోతున్నారు.

పని కోసం మళ్లీ బెంగళూరు వచ్చేవాళ్లయితే పేరు ఇక్కడే ఉంచి, ఊళ్లో ఉండే రోజులకు సరిపడా మందులు అడగండి. పూర్తిగా వెళ్లిపోతుంటే ట్రాన్స్‌ఫర్ అవుట్ (పేరు, రికార్డులు అక్కడి కేంద్రానికి మార్చడం) చేయించుకోండి. అది లేకుండా అక్కడ కొత్త పేరుగా చేరితే పాత వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ ఎంతుందో చూసే పరీక్ష) ఫలితాలు, ఏ మందు ఎప్పుడు మార్చారన్న వివరాలు ఇక్కడే ఉండిపోతాయి. జైలు సంగతి ఊళ్లో తెలుస్తుందని భయపడి కొత్తగా చేరేవాళ్లున్నారు. 2017 హెచ్ఐవీ, ఎయిడ్స్ చట్టం ప్రకారం, అందులోని కొన్ని మినహాయింపులు తప్ప, మీ హెచ్ఐవీ వివరాలు ఆసుపత్రి మీ సమ్మతి లేకుండా ఇంటివాళ్లకైనా, మేస్త్రీకైనా చెప్పకూడదు.