ఆరోగ్య ప్రచార కార్యకర్తల వృత్తి సంఘం: రిజిస్ట్రేషన్‌కు దరఖాస్తు విధానం, ఎక్కువమంది ఆగిపోయే చోటు

ఆశా కార్యకర్తలు, ఏఎన్‌ఎంలు, హెల్త్ ఎడ్యుకేటర్లు, హెచ్‌ఐవీ కౌన్సెలర్లు, డయాబెటిస్ ఎడ్యుకేటర్లు, బస్తీల్లో తిరిగే స్వచ్ఛంద సంస్థల వాళ్లు. జబ్బు ముదరకముందే మనిషిని కలిసి మాట్లాడటం వీళ్లందరి పనిలోనూ ఉంది. వీళ్లు కలిసి ఒక వృత్తి సంఘం పెట్టుకుని రిజిస్టర్ చేయించుకోవడం నిజానికి పెద్ద కష్టమేమీ కాదు. అయినా విజయవాడలో, గుంటూరులో ఈ పని మీద వెళ్లినవాళ్లు కాగితాలు పట్టుకుని తిరిగిరావడం, లేదా మధ్యవర్తికి వేలకు వేలు ఇచ్చి అక్కరకు రాని సర్టిఫికెట్ తెచ్చుకోవడం చూస్తూనే ఉన్నాను. అందుకే ఇది రాస్తున్నాను.

ముందు ఒక సంగతి తేల్చుకోండి. మీకు కావలసింది వృత్తి సంఘమా, కార్మిక సంఘమా? జీతాలు, బకాయిలు, పని గంటల మీద యాజమాన్యంతో మాట్లాడాలంటే కార్మిక సంఘం కావాలి. దాని నమోదు కార్మిక శాఖలో జరుగుతుంది. వృత్తి సంఘం పని వేరు. సభ్యులకు శిక్షణ ఇప్పించడం, పనిలో పాటించాల్సిన నీతి నియమాలు పెట్టుకోవడం, జనానికి చెప్పే మాట సరైనదేనా అని చూసుకోవడం, ఆరోగ్య పథకాలు తయారయ్యేటప్పుడు వీధుల్లో తిరిగేవాళ్ల అనుభవాన్ని అధికారుల ముందు పెట్టడం దాని బాధ్యత.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగింది. అలాంటి వరద తీశాక ఇంటింటికీ వెళ్లి చెప్పాల్సినవి చాలా ఉంటాయి. ట్యాంకు ఎలా కడగాలి, నీళ్లలో క్లోరిన్ ఎంత వేయాలి, పసిపిల్లకు విరేచనాలైతే ఓఆర్‌ఎస్ ఎలా కలపాలి. పెద్ద ప్యాకెట్టును లీటరు నీళ్లలో కలపమని ఒకరు, గ్లాసులో కలపమని ఇంకొకరు చెబితే బిడ్డ ప్రాణానికే ముప్పు. ఏం చెప్పాలో అందరూ ముందే కూర్చుని ఒక మాట మీదకు రావడానికే వృత్తి సంఘం. రెండు రకాల సంఘాలూ కావాలంటే పెట్టుకోండి, కానీ వేర్వేరుగా నమోదు చేయించండి. ఒకే దరఖాస్తులో కలపొద్దు.

వృత్తి సంఘానికి వర్తించేది 2001 నాటి ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం. కనీసం ఏడుగురు సభ్యులు ఉండాలి. దరఖాస్తు వెళ్లేది స్టాంపులు, రిజిస్ట్రేషన్ల శాఖలోని జిల్లా రిజిస్ట్రార్‌కు. సంఘం ఆఫీసు చిరునామా ఏ జిల్లాలో ఉంటే ఆ జిల్లా రిజిస్ట్రారే చూస్తారు. ఇక్కడ మన ప్రాంతంలో ఒక తికమక ఉంది. తాడేపల్లి విజయవాడకు ఎంత దగ్గరైనా, వారధి దాటితే గుంటూరు జిల్లా. సభ్యులంతా విజయవాడలోనే పనిచేస్తున్నా, ఆఫీసు తాడేపల్లిలో ఒకరి ఇంట్లో పెడితే దరఖాస్తు గుంటూరు వైపు వెళ్లాలి.

కాగితాలు మామూలివే. దరఖాస్తు, మెమోరాండం (సంఘం ఉద్దేశాలు చెప్పే పత్రం), బైలాస్ (సంఘం నడవాల్సిన నియమాలు), ఏడుగురి పేర్లు, వయసు, వృత్తి, చిరునామా, సంతకాలు, ఆధార్ నకళ్లు, సంఘం పెట్టుకోవాలని చేసుకున్న తీర్మానం. ఆఫీసు చిరునామాకు కరెంటు బిల్లో ఇంటిపన్ను రసీదో పెట్టి, అద్దె ఇల్లయితే యజమాని ఒప్పుకుంటూ రాసిచ్చిన కాగితం జత చేయండి. సంతకాలు, పేర్లు ఆధార్‌లో ఉన్నట్టే ఉండాలి. ఇంటిపేరు ఒకచోట పూర్తిగా, ఇంకోచోట పొడి అక్షరంతో రాస్తే అక్కడే వెనక్కి పంపే అవకాశం ఉంది.

అసలు చిక్కు మెమోరాండంలోని ‘ఉద్దేశాలు’ అనే పేరా దగ్గర.

డాక్యుమెంట్ రైటర్ల దగ్గర తయారుగా ఒక నమూనా ఉంటుంది. అనాథాశ్రమాలు నడపడం, వృద్ధాశ్రమాలు కట్టడం, పేద పిల్లలకు పుస్తకాలు పంచడం, మొక్కలు నాటడం. పేరు మార్చి అదే అందరికీ ఇచ్చేస్తారు. సంఘం పెట్టుకోవడానికి వచ్చిన అక్కలకు చదివి వినిపించరు కూడా. “మీరు సంతకం పెట్టండక్కా, మిగతాది నేను చూసుకుంటా” అంటారు. అది రిజిస్ట్రేషన్ దాటుతుంది, అందుకే ఎవరికీ అనుమానం రాదు. రేపు మీరు ఒక శిక్షణ కార్యక్రమానికి సాయం అడిగినా, ఒక కమిటీలో చోటు అడిగినా, అవతలివాళ్లు మొదట అడిగేది ఈ ఉద్దేశాల పేజీనే. అందులో ఆరోగ్య ప్రచారం అన్న మాటే లేకపోతే మీరు ఎవరి తరఫున వచ్చారని అడుగుతారు. తర్వాత మార్చుకోవాలంటే సర్వసభ్య సమావేశం, తీర్మానం, మళ్లీ రిజిస్ట్రార్ దగ్గర దాఖలు, ఇదంతా పడాలి.

దీనికి ఎదురు పొరపాటు కూడా ఉంది. కోపంలో సొంతంగా రాసుకుని, మొదటి ఉద్దేశంగా ‘సభ్యులను రెగ్యులరైజ్ చేయించుట, వేతనాలు పెంచించుట’ అని పెడతారు. ఆ బాధ నిజమైనదే. కానీ సొసైటీల చట్టంలోని 3వ సెక్షన్ ఒప్పుకునే ప్రయోజనాలు కళలు, దానధర్మం, విజ్ఞానం, జ్ఞాన వ్యాప్తి, ప్రజా ప్రయోజనం వంటివి. వేతనాల మాట ముందుంటే అది కార్మిక సంఘంలా కనిపించి దరఖాస్తు ఆగుతుంది.

మరి ఏం రాయాలి? మీరు రోజూ చేసే పనే రాయండి. ఉదాహరణకు:

‘ఎన్‌టీఆర్ జిల్లాలో ఆరోగ్య ప్రచారం, ఆరోగ్య విద్య రంగాల్లో పనిచేసేవారికి శిక్షణ తరగతులు నిర్వహించుట. ప్రజలకు ఇచ్చే ఆరోగ్య సమాచారం శాస్త్రీయంగా, తెలుగులో సులభంగా ఉండునట్లు పుస్తకాలు, కరపత్రాలు తయారుచేయుట. సభ్యులు పాటించవలసిన వృత్తి నియమావళిని రూపొందించి అమలు చేయుట. ప్రజారోగ్య విషయాలపై ప్రభుత్వానికి సూచనలు సమర్పించుట.’

ఇది చాలు. ఇంకా బలంగా కావాలంటే 1986లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సదస్సులో వెలువడిన ఒట్టావా ప్రకటన చూడండి. ఆరోగ్యకరమైన ప్రభుత్వ విధానాలు, అనుకూలమైన పరిసరాలు, సమాజం తానే పూనుకోవడం, వ్యక్తుల నైపుణ్యాలు, ఆరోగ్య సేవల దిశ మార్చడం అని ఐదు రంగాలను అది చెప్పింది. వాటిలో మీరు నిజంగా చేసేవి మాత్రం తీసుకోండి. చేయనివి రాస్తే ఏటా లెక్క చెప్పేటప్పుడు ఇబ్బంది.

బైలాస్‌లో మూడు చోట్ల జాగ్రత్త. సభ్యులుగా ఎవరు చేరవచ్చో స్పష్టంగా రాయండి, లేకపోతే రేపు ఏ సంబంధమూ లేనివాళ్లు రుసుము కట్టి ఓటు అడుగుతారు. బ్యాంకు ఖాతాకు ఇద్దరి సంతకాలు తప్పనిసరి చేయండి. సంఘం రద్దయితే మిగిలిన ఆస్తి సభ్యులు పంచుకోరనీ, ఇలాంటి ఉద్దేశాలున్న మరో సంస్థకు వెళుతుందనీ రాయండి. అధ్యక్షుడి పదవీకాలం ఖాళీగా వదిలేసిన బైలాస్ కూడా చూశాను. దాన్ని మాత్రం ఎవరు బతిమాలినా ఒప్పుకోవద్దు. కమిటీలో తగాదా వస్తే అదే సొసైటీల చట్టం 23వ సెక్షన్ కింద జిల్లా కోర్టు దాకా వెళ్లాల్సి రావచ్చు, అప్పుడు జడ్జి ముందు తెరిచేది ఈ కాగితాలే.

పేరు విషయం. అప్పటికే ఉన్న సంఘం పేరును పోలి ఉండకూడదు. ప్రభుత్వ సంస్థేమో అనిపించే పేర్లకు 1950 నాటి చిహ్నాలు, పేర్ల దుర్వినియోగ నిరోధక చట్టం అడ్డు. ఒకటికి మూడు పేర్లు సిద్ధం చేసుకుని వెళ్లండి.

రెగ్యులర్ ప్రభుత్వ ఉద్యోగులు పదవుల్లో ఉండబోతే, ముందే తమ శాఖకు రాతపూర్వకంగా తెలిపి ఒక నకలు దాచుకోవాలి. వాళ్లకు 1964 నాటి ప్రవర్తన నియమాలు వర్తిస్తాయి. దీనికి భయపడి వెనక్కి తగ్గాల్సిన పని లేదు, ఒక కాగితం చేతిలో ఉంటే టెన్షన్ ఉండదు.

డబ్బు గురించి. ప్రభుత్వానికి కట్టే రుసుము ఎంతో మీకిచ్చే చలానా మీదే ఉంటుంది. దానికి మించి ఎవరు అడిగినా అది వాళ్ల కూలి, ప్రభుత్వ ఫీజు కాదు. రాయించుకున్నందుకు ఇవ్వడంలో తప్పు లేదు. ‘లోపల ఇవ్వాలి’ అని అడిగితే మాత్రం రసీదు అడగండి. దరఖాస్తు నంబరు మీ ఫోన్‌కే రావాలి. బ్రోకర్ నంబరు ఇస్తే, లోపం చూపిస్తూ వచ్చిన సమాచారం మీకు తెలియదు, ‘ఆఫీసులో నొక్కేశారు’ అన్న మాటే మీకు వినిపిస్తుంది.

సర్టిఫికెట్ వచ్చాక జరిగే మోసం ఇంకొకటి. సంఘం రిజిస్టర్ అయిందంటే, అలాంటి సంఘం ఒకటి ఉందని రిజిస్ట్రార్ నమోదు చేసుకున్నారని మాత్రమే అర్థం. ఆ సంఘం ఇచ్చే గుర్తింపు కార్డు లైసెన్సు కాదు, ఉద్యోగానికి అర్హతా కాదు. 2021లో పార్లమెంటు చేసిన అనుబంధ ఆరోగ్య వృత్తుల జాతీయ కమిషన్ చట్టం షెడ్యూలులో సామాజిక ఆరోగ్య ప్రచారకులు, హెల్త్ ఎడ్యుకేటర్లు, కౌన్సెలర్ల ప్రస్తావన ఉంది. ఆ చట్టం కింద వృత్తిదారుల పేర్లు నమోదు చేసే అధికారం రాష్ట్ర కౌన్సిల్‌ది. ఏ సొసైటీకీ ఆ అధికారం లేదు. ‘మా కార్డు తీసుకుంటే ప్రభుత్వ గుర్తింపు’ అని డబ్బు అడిగితే ఇవ్వకండి. ఇప్పటికే ఇచ్చి ఉంటే సిగ్గుపడాల్సింది మీరు కాదు.

ఏటా సర్వసభ్య సమావేశం జరిగిన 15 రోజుల్లోగా కమిటీ సభ్యుల జాబితాను రిజిస్ట్రార్‌కు దాఖలు చేయాలి. దీన్ని మర్చిపోయిన సంఘాలు కాగితం మీద పాత కమిటీతోనే ఉండిపోతాయి, బ్యాంకు కొత్త సంతకాలు ఒప్పుకోదు. మినిట్స్ పుస్తకంలో హాజరు సంతకాలు అదే రోజు పెట్టించండి.

కొత్తగా పెట్టడం కాదు, ఉన్న సంఘంలో చేరుదాం అనుకుంటే, డబ్బు కట్టే ముందు దాని రిజిస్ట్రేషన్ నంబరు, సంవత్సరం అడగండి. ఆ రెండూ ఉంటే జిల్లా రిజిస్ట్రార్ ఆఫీసులో నిర్ణీత రుసుము కట్టి ఆ సంఘం మెమోరాండం, బైలాస్ ధ్రువీకరించిన నకలు ఎవరైనా తీసుకోవచ్చు. ముందు ఉద్దేశాల పేజీ, తర్వాత చివరిగా ఏ సంవత్సరం కమిటీ జాబితా దాఖలు చేశారో చూడండి. నంబరు చెప్పడానికి ఇష్టపడని సంఘానికి సభ్యత్వ రుసుము కట్టకండి.