హీప్‌ను పాడుచేస్తున్న స్ట్రింగ్ ఫంక్షన్‌ను పట్టుకోవడం ఎలా?

నిన్నటిదాకా బాగానే నడిచిన సీ ప్రోగ్రామ్ ఇవాళ, తీసుకున్న మెమరీని తిరిగి ఇచ్చే ఫ్రీ ఫంక్షన్‌ను పిలిచిన చోట ‘ఇన్‌వాలిడ్ పాయింటర్’ అంటూ ఆగిపోయిందా? చూస్తే పాయింటర్ (మెమరీ చిరునామా) మెమరీ కేటాయించే మాలాక్ ఇచ్చిందే, ఎవరూ మార్చలేదు. అలాంటప్పుడు ఆ ఫ్రీ లైన్ దగ్గర కూర్చుని టెన్షన్ పడటం దండగ. హీప్, అంటే మాలాక్ చోటు ఇచ్చే మెమరీ ప్రాంతం, పాడైంది ఎప్పుడో, బయటపడింది ఇప్పుడు.

ఇంత ఆలస్యం ఎందుకో ముందు తెలుసుకోండి. స్ట్రింగ్ పొడవు చెప్పే స్ట్ర్‌లెన్ ముగింపు గుర్తైన చివరి సున్నా బైట్‌ను లెక్కపెట్టదు, స్ట్ర్‌కాపీ మాత్రం దాన్నీ కాపీ చేస్తుంది. కాబట్టి మాలాక్(స్ట్ర్‌లెన్(పేరు)) అని అడిగి అందులోకి కాపీ చేస్తే ఒక బైట్ హద్దు దాటుతుంది. అయినా చాలాసార్లు ఏమీ కాదు. 64 బిట్ లినక్స్‌లో జీలిబ్‌సీని (అక్కడి సీ లైబ్రరీని) 5 బైట్లు అడిగినా 24 బైట్ల చోటు ఇస్తుంది. ఆపైన 40, 56, ఇలా 16 చొప్పున పెరుగుతుంది. ఆరో బైట్ ఆ ఖాళీలో పడి ఊరుకుంటుంది. సరిగ్గా 24 అక్షరాల పేరు వచ్చిన రోజున ఆ సున్నా వెళ్లి పక్క బ్లాక్ సైజు రాసి ఉన్న చోట పడుతుంది. అక్కడ 33 ఉంటే అది 0 అయిపోతుంది. ఆ పక్క బ్లాక్‌ను ఫ్రీ చేసినప్పుడు గానీ గొడవ బయటికి రాదు.

అందుకే మొదటి పని: 24, 40, 56 అక్షరాల స్ట్రింగులతో, ఖాళీ స్ట్రింగుతో ప్రోగ్రామ్‌ను నడపండి. చిన్నాచితకా పేర్లతో చేసిన టెస్టులను నమ్మొద్దు.

తర్వాత అడ్రస్ శానిటైజర్, అంటే ప్రోగ్రామ్ నడుస్తుండగా మెమరీ తప్పులను పట్టే సాధనం. నా మటుకు నేను దీన్నే ముందు వాడతాను. జీసీసీ, క్లాంగ్ కంపైలర్లు రెండింటిలోనూ ఉంది. కంపైల్ చేసేటప్పుడు ‘-జీ -ఎఫ్‌శానిటైజ్=అడ్రస్’ ఇవ్వండి; లింక్ చేసేటప్పుడు కూడా రెండోది తప్పనిసరి. ప్రోగ్రామ్ వేగం దాదాపు సగమవుతుంది, మెమరీ ఎక్కువ తింటుంది. కానీ హద్దు దాటి రాసిన క్షణంలోనే ఆపేస్తుంది.

రిపోర్ట్ పొడవు చూసి బెదరకండి. ‘హీప్-బఫర్-ఓవర్‌ఫ్లో’ అనే మాట కింద ‘రైట్ ఆఫ్ సైజ్ 6’ అని ఉంటుంది. దాని కింది స్టాక్‌లో (ఏ ఫంక్షన్ దేన్ని పిలిచిందో చూపే జాబితాలో) పైన కనిపించేది స్ట్ర్‌కాపీయే. దాన్ని వదిలేసి మీ సొంత ఫైల్ పేరున్న మొదటి లైన్ పట్టుకోండి. ఇంకా కిందికి వస్తే ఆ 5 బైట్ల బ్లాక్‌ను ఏ లైన్‌లో తీసుకున్నారో మరో స్టాక్ చెబుతుంది. అడిగింది 5, రాసింది 6 అంటే ప్లస్ ఒకటి మరిచిపోయినట్టే. దిద్దాల్సింది సాధారణంగా ఈ రెండో చోటనే.

మళ్లీ కంపైల్ చేసే వీలు లేకపోతే వాల్‌గ్రిండ్ అనే మెమరీ తనిఖీ సాధనం వాడండి. పది, ఇరవై రెట్లు నెమ్మది, అయినా ‘ఇన్‌వాలిడ్ రైట్’ అని చోటు చూపిస్తుంది. శానిటైజర్‌తో కట్టిన ప్రోగ్రామ్‌ను దీని కింద నడపకండి, రెండూ పొసగవు. విండోస్‌లో అయితే విజువల్ స్టూడియో 2019 వెర్షన్ 16.9 నుంచి అడ్రస్ శానిటైజర్ ఉంది.

కోడ్‌లో కళ్లతో వెతికేటప్పుడు స్ట్ర్‌ఎన్‌కాపీ (ఇన్ని బైట్లే అని హద్దు పెట్టి కాపీ చేసేది) దగ్గర ఆగండి. చోటు సరిపోకపోతే అది చివర సున్నా పెట్టదు. తర్వాత వచ్చే స్ట్ర్‌లెన్ దారి తప్పుతుంది. స్ట్ర్‌ఎన్‌క్యాట్‌కు (స్ట్రింగ్ చివర మరోదాన్ని చేర్చేదానికి) ఇచ్చే సంఖ్య బఫర్ మొత్తం సైజు కాదు, కొత్తగా చేర్చగల అక్షరాల సంఖ్య. సున్నా దానికి అదనం. ఇక బఫర్‌లోకి ఫార్మాట్ చేసి రాసే, అందరూ భద్రం అనుకునే ఎస్ఎన్‌ప్రింట్‌ఎఫ్ తిరిగి ఇచ్చేది రాసిన పొడవు కాదు, చోటుంటే రాసి ఉండే పొడవు. దాన్ని అలాగే కూడుకుంటూ పోయి బఫర్ సైజులోంచి తీసేస్తే, సైజ్‌_టీలో (సైజులు ఉంచే రకంలో) రుణసంఖ్య ఉండదు కాబట్టి మిగిలిన చోటు కొండంత కనిపిస్తుంది. ఇలాంటి తప్పును రివ్యూలో పట్టుకోవడం కష్టం.

ఒక స్ట్రక్ట్ (పలు ఫీల్డులను కలిపి కట్టిన రకం) లోపలి క్యారెక్టర్ అర్రే నిండి, అదే స్ట్రక్ట్‌లోని పక్క ఫీల్డ్ మీద రాస్తే మాత్రం శానిటైజర్‌కు, వాల్‌గ్రిండ్‌కు కనిపించదు. వాటి లెక్కలో అదంతా ఒకే బ్లాక్. దానికి వేరే బిల్డ్ చేసి ‘-ఓ2 -డీ_ఫోర్టిఫై_సోర్స్=2’ ఇవ్వండి. అర్రే సైజు కంపైలర్‌కు తెలిసిన చోట, స్ట్ర్‌కాపీ దాన్ని దాటగానే ‘బఫర్ ఓవర్‌ఫ్లో డిటెక్టెడ్’ అని ప్రోగ్రామ్ ఆగిపోతుంది.