కుటుంబాలకు అందే సేవ పనిచేస్తోందా? ఊళ్లోనే తేల్చుకోవడం ఎలా?

పాలమూరు, నల్లగొండ పల్లెల్లో ఒక్కో కుటుంబం చుట్టూ చాలా సేవలే ఉంటాయి. అంగన్‌వాడీ, ఆశా వర్కర్, మహిళా సంఘం, వలస పోయినవాళ్ల పిల్లల కోసం స్వచ్ఛంద సంస్థ నడిపే హాస్టల్, ఇంట్లో గొడవలు ముదిరితే జిల్లా కేంద్రంలో మహిళలకు సాయం చేసే సఖి కేంద్రం. ఏడాది చివర అందరి రిపోర్టులూ ఒకేలా ఉంటాయి: ఇన్ని మీటింగులు పెట్టాం, ఇంతమంది వచ్చారు. వచ్చినవాళ్ల ఇంట్లో ఏం మారిందో మాత్రం అందులో కనిపించదు. అది తెలుసుకోవడానికి పెద్ద కన్సల్టెంట్లు అక్కర్లేదు. చిన్న సంస్థయినా, గ్రామ సంఘమైనా సొంతంగా చేసుకోగల పని ఇది.

ముందు ఒక్క వాక్యం రాయండి

మీ సేవ వల్ల ఇంట్లో ఏం మారాలి? ‘అవగాహన పెంచడం’ అని రాస్తే దాన్ని ఎవరూ కొలవలేరు. ‘అమ్మానాన్నలు వలస పోయినా పిల్లలు బడి మానకూడదు’ అని రాస్తే ఏం అడగాలో, ఎవర్ని అడగాలో దానంతటదే తెలుస్తుంది.

సమయం చూసుకోండి

దసరా, దీపావళి దాటాక కూలీలను పనులకు తీసుకెళ్లే గుంపు మేస్త్రీల వెంట హైదరాబాద్, ముంబై, పుణె వైపు వెళ్లే కుటుంబాలున్న ఊళ్లలో జనవరిలో సర్వేకు వెళ్తే సగం ఇళ్లకు తాళాలే ఉంటాయి. వాళ్లను కలవాలంటే వానాకాలం పనుల రోజుల్లో వెళ్లాలి. వలస పిల్లల కోసం నడిపే సేవకు మాత్రం ఆ తాళాల కాలమే సరైనది. అప్పుడు నానమ్మనో అమ్మమ్మనో అడిగితేనే అసలు సంగతి బయటపడుతుంది.

ఎవర్ని కలవాలి?

సంఘం లీడర్‌ను అడిగితే మంచి పేరొచ్చే నాలుగు ఇళ్లు చూపిస్తుంది. అది మనిషి స్వభావం, తప్పు పట్టలేం. అందుకే పూర్తి లిస్టు తీసుకుని ప్రతి అయిదో ఇంటికి వెళ్లండి. ఊరికి దూరంగా ఉన్న తండా ఆ లెక్కలో జారిపోతే విడిగా కలపండి.

ఇంకో లిస్టు కూడా కావాలి: మొదట్లో వచ్చి, తర్వాత మానేసినవాళ్లది. వీళ్లను వీలైనంత వరకు ఒక్కరినీ వదలకండి. వస్తున్నవాళ్లు చెప్పేదానికంటే వీళ్లు చెప్పేదే ఎక్కువ పనికొస్తుందని నా నమ్మకం. కూలి పోతుందనో, సేవా కేంద్రం టైమ్ కుదరలేదనో, అక్కడెవరో కులం పేరెత్తి మాట్లాడారనో కారణం ఉంటుంది. అది ఏ రిజిస్టర్లోనూ ఉండదు.

ఎలా అడగాలి?

‘సేవలు ఎలా ఉన్నాయమ్మా?’ అంటే జవాబు తెలిసిందే: ‘మంచిగనే ఉన్నయి సార్.’ ఎదురుగా నిలబడ్డ మనిషిని నొప్పించడం ఎందుకని అనే మాట అది. పైగా చెడ్డగా చెబితే వచ్చేది ఆగిపోతుందన్న భయం కూడా ఉంటుంది.

అభిప్రాయం అడక్కండి, నిన్నటి సంగతి అడగండి. ఆరోగ్య లక్ష్మి అనే ప్రభుత్వ పథకం కింద గర్భిణులకు, బాలింతలకు రోజూ అంగన్‌వాడీలో ఒక పూట భోజనం, గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు ఇవ్వాలి. ‘అందుతున్నాయా?’ అంటే అవుననేస్తారు. ‘నిన్న గుడ్డు ఎవరు తిన్నారక్కా?’ అని అడగండి. ఇంటికి తెచ్చి ఇద్దరు పిల్లలకు చెరిసగం పెట్టానని చెప్పిందనుకోండి. రిజిస్టర్లో గుడ్డు తల్లి ఖాతాలో ఉంది, ఆమె కడుపులోకి మాత్రం పోలేదు. ఇందులో అంగన్‌వాడీ టీచర్ తప్పూ లేదు, ఆమె తప్పూ లేదు. ఆ ఇంట్లో పిల్లల తిండి సంగతి కూడా చూడాల్సి ఉందని మీకు తెలిసింది.

సేవ అందించే మనిషే వెళ్లి ప్రశ్నలు అడగకూడదు. పక్క మండలం కార్యకర్తను పిలవండి, మీరు వాళ్ల ఊరికి వెళ్లండి. తండాలో లంబాడీ మాట్లాడే అమ్మాయి తోడుంటే సగం పని అయినట్టే. ఇంట్లో కొట్లాటల గురించి భర్త, అత్త ఉన్నచోట ఎత్తనే వద్దు. ఒంటరిగా ఉన్నప్పుడు కూడా చెప్పడం ఆమె ఇష్టం. చెబితే ఫారంలో పేరు రాయకుండా మహిళల హెల్ప్‌లైన్ 181 నంబర్ గుర్తుండేలా చెప్పి రండి. పిల్లల విషయమైతే చైల్డ్ హెల్ప్‌లైన్ 1098.

లెక్కలు, ఘనత

పిల్లల బరువులు, బడి హాజరు ఎలాగూ రాసి ఉంటాయి. సేవ మొదలుకాక ముందువి, ఇప్పటివి పక్కపక్కన పెట్టండి. తేడా కనిపించగానే సంబరపడొద్దు. కల్వకుర్తి ఎత్తిపోతల నీళ్లు చేరిన ఊళ్లో వలస తగ్గితే ఆ ఘనత మన కౌన్సెలింగ్‌ది కాకపోవచ్చు. ఆ నీళ్లే అందిన, మన సేవ లేని పక్క ఊరితో పోల్చి చూడండి.

ఊరికి చెప్పండి

ఉపాధి హామీ సామాజిక తనిఖీలో వివరాలు సభలో చదవడం మన ఊళ్లకు అలవాటే. మీరూ అలాగే సంఘం మీటింగులో చదివి వినిపించండి, ఎవరి పేరూ బయటపెట్టకుండా. అక్కడ వచ్చే గొణుగుడు కూడా సమాచారమే, రాసుకోండి. ఆ మీటింగులోనే మార్చాల్సింది ఒక్కటి తేల్చండి. కేంద్రం తెరిచే టైమే కావొచ్చు. ఎవరు, ఏ తేదీలోగా మారుస్తారో మినిట్స్ పుస్తకంలో రాయించి సంతకాలు పెట్టించండి. ఆరు నెలలకు మానేసినవాళ్ల లిస్టు పట్టుకుని మళ్లీ ఆ ఇళ్లకే వెళ్లండి.