యాక్సిడెంట్ కేసు కదలడం లేదు, లాయరు పలకడం లేదు: ఏం చేయాలి?

మా తమ్ముడి కాలు విరిగిన కేసు ఆరేళ్ళు నడిచింది. అందులో మొదటి మూడేళ్ళు ఏమీ తెలియక పోగొట్టుకున్నాం. ఆ తర్వాత చుట్టాలవీ, ఇరుగుపొరుగువీ కలిపి ఇంకో తొమ్మిది కేసుల్లో వాళ్ళ వెంట కోర్టుకు తిరిగాను. అందరూ చేసే తప్పు ఒకటే. రెండు మూడేళ్ళు నోరు మెదపకుండా ఊరుకుంటారు. ఒకరోజు ఓపిక నశించి లాయరు మీద అరుస్తారు. మర్నాడు ఇంకో లాయరు దగ్గరికి పరుగెత్తుతారు. కేసు మాత్రం ఉన్నచోటే ఉంటుంది. ఎందుకంటే అది ఎక్కడ ఆగిందో పాత లాయరు చెప్పలేదు, కొత్త లాయరుకు తెలియదు, వీళ్ళు అడగలేదు.

"కేసు లేటవుతోంది సార్" అంటే ఏ లాయరైనా "కోర్టులు అంతేనండీ" అంటారు. "డాక్టరుకు సమన్లు ఇంకా వెళ్ళలేదు సార్" అంటే ఆ జవాబు కుదరదు. ఈ రెండో మాట అనగలిగే స్థితికి మీరు రావాలి. దానికి ఏం చేయాలో వరసగా చెబుతాను. ఇదంతా రోడ్డు ప్రమాదంలో గాయపడిన మనిషి మోటారు వాహనాల చట్టం 166వ సెక్షన్ కింద ట్రిబ్యునల్‌లో ఇప్పటికే వేసిన పరిహారం కేసు గురించి.

దగ్గర ఉండాల్సినవి

ఎం.వి.ఓ.పి. నంబరు (ట్రిబ్యునల్‌లో మన పరిహారం కేసుకు ఇచ్చిన నంబరు), ఏ కోర్టో, ఏ సంవత్సరమో. 16 అక్షరాల సి.ఎన్.ఆర్. నంబరు, అంటే ఆన్‌లైన్‌లో కేసును వెతికే నంబరు. ఎఫ్.ఐ.ఆర్., ఛార్జిషీటు, వూండ్ సర్టిఫికెట్ (గాయాల గురించి డాక్టరు ఇచ్చిన కాగితం) జిరాక్సులు. డిశ్చార్జి సమ్మరీలు, బిల్లులు, ఎక్స్‌రేలు. ఒక లాంగ్ నోట్‌బుక్. వాట్సాప్‌లో ఉన్నాయి కదా అనకండి, ఫోన్ పోతే అన్నీ పోతాయి. నోట్‌బుక్కే కావాలి.

మొదటి పని: కేసును మీరే చూడటం

ఈ-కోర్ట్స్ సర్వీసెస్ యాప్ ఉచితం. ఫోన్‌లో వేసుకుని సి.ఎన్.ఆర్. నంబరు కొట్టండి. తర్వాతి వాయిదా, గడిచిన వాయిదాలు అన్నీ వస్తాయి. గుమాస్తా చెప్పే తేదీ మీద ఆధారపడటం ఇవాళ్టితో మానేయండి. అయిదు నిమిషాల పని ఇది.

రెండో పని: వాయిదాల చరిత్ర చదవడం

ప్రతి తేదీకి ఎదురుగా ఆ రోజు కేసును దేనికోసం పెట్టారో రెండు మూడు మాటల్లో ఉంటుంది. అన్నిటినీ ఒకే పేజీలో ఒకదాని కింద ఒకటి చేత్తో రాయండి. అప్పుడే ఒకే మాట తొమ్మిదిసార్లు వచ్చిందని కంటికి తగులుతుంది.

'స్టెప్స్' అని పదే పదే ఉంటే బంతి మన కోర్టులోనే ఉంది. అవతలి పార్టీకి నోటీసు పంపడానికి మనం కట్టాల్సిన బత్తా కట్టలేదనో, సరైన అడ్రసు ఇవ్వలేదనో అర్థం. బండి ఓనరు ఇల్లు మారిపోయి నోటీసు తిరిగొచ్చిన కేసుల్లో ఇదే జరుగుతుంది. 'కౌంటర్' అని ఉంటే ఇన్సూరెన్స్ కంపెనీ జవాబు వేయకుండా సాగదీస్తోంది. దాన్ని మన లాయరు లేచి గట్టిగా అడ్డుకోవాలి. 'ఎంక్వైరీ' అనో 'ఎవిడెన్స్' అనో ఉంటే సాక్ష్యం దగ్గర ఆగింది. నేను చూసిన గాయాల కేసుల్లో ఎక్కువ ఇక్కడే ఆగాయి. జడ్జి లీవు, పోస్టు ఖాళీ అని ఉన్న వాయిదాలను వేరే రంగు పెన్నుతో రాయండి. వాటికి లాయరును తప్పు పట్టకూడదు.

'డిస్మిస్డ్ ఫర్ డిఫాల్ట్' అని కనిపిస్తే మిగతా వ్యాసం తర్వాత చదవండి, ముందు లాయరు ఆఫీసుకు వెళ్ళండి. మనవాళ్ళెవరూ హాజరు కాలేదని కేసు కొట్టేశారు. మళ్ళీ తెరిపించే పిటిషన్ 30 రోజుల్లోపు వేయాలి. గడువు దాటితే ఆలస్యానికి కారణం చూపిస్తూ ఇంకో పిటిషన్ వేయాల్సి వస్తుంది.

ఇంకో మాట. "క్రిమినల్ కేసు తేలేదాకా ఇది తేలదు" అని చాలామంది ఊరుకుంటారు. అది నిజం కాదు. డ్రైవరు మీద పోలీసులు పెట్టిన కేసు వేరు, పరిహారం కేసు వేరు. ఒకదాని కోసం ఇంకోటి ఆగాల్సిన పనిలేదు. ట్రిబ్యునల్ సంక్షిప్త విచారణతో తేల్చవచ్చని 169వ సెక్షనే చెబుతోంది.

మూడో పని: మన బాకీ తీర్చడం

లాయరు అడిగి, మనం ఇవ్వనివి ఏమున్నాయి? ఒరిజినల్ బిల్లులు, జీతం సర్టిఫికెట్, డిసెబిలిటీ సర్టిఫికెట్. ముందు అవి ఇచ్చేయండి. ఏది ఏ రోజు ఇచ్చారో నోట్‌బుక్‌లో రాసి గుమాస్తా చేత సంతకం పెట్టించుకోండి. ఇవ్వకముందు అన్నిటికీ జిరాక్స్ తీసుకోవడం మర్చిపోవద్దు.

నాలుగో పని: లాయరుతో కూర్చోవడం

అందరూ చెడగొట్టేది దీన్నే. తొందర పడకుండా చదవండి.

కోర్టు వరండాలో మాట్లాడకూడదు. అక్కడ ఆయన చేతిలో ఆ రోజువి పది ఫైళ్ళు ఉంటాయి, మీది ఉండదు. ఫోన్‌లోనూ వద్దు. "చూస్తానండీ" అనేది ఫోన్‌లో చాలా సులువైన మాట. ముందురోజు గుమాస్తాకు చెప్పి, సాయంత్రం ఆరున్నర తర్వాత ఆఫీసుకు వెళ్ళండి. వాయిదాకు కనీసం పది రోజుల ముందు వెళ్ళాలి. ముందురోజు వెళ్తే ఆయన చేయగలిగింది ఏమీ ఉండదు. ఇద్దరే వెళ్ళండి: గాయపడ్డ మనిషి, నోట్‌బుక్ పట్టుకునే ఇంకొకరు. బాబాయిలు, బామ్మర్దులు అందరూ కలిసి వెళ్తే అది పంచాయితీ అవుతుంది. ఆయన తనను కాపాడుకునే పనిలో పడతారు, ఫైలు మాత్రం తెరవరు.

ఫైలు తెరిపించడమే ఈ కూర్చోవడం ఉద్దేశం. "ఒకసారి ఫైలు చూద్దామా సార్" అని అడగండి. అది బల్ల మీదికి వచ్చేదాకా ఇంకే మాటా ఎత్తొద్దు. మా తమ్ముడి ఫైలు అలా విప్పిన రోజు నాకింకా కళ్ళముందే ఉంది. ట్యాగు వదులు చేసి ఒక్కో కాగితం తిప్పుతుంటే మధ్యలో ఎముకల డాక్టరుకు పంపాల్సిన సమన్ల ఫారం బయటపడింది. పేరు, ఆసుపత్రి అడ్రసు అన్నీ నింపి ఉన్నాయి. తుప్పు పట్టిన గుండుసూది మరక కాగితం వెనక్కి కూడా దిగింది. కోర్టులో మాత్రం ఎవరూ వేయలేదు. దాని మీద తేదీ 14 నెలల కిందటిది. ఆ 14 నెలలూ మేం "ఇన్సూరెన్స్ వాళ్ళు డబ్బిచ్చి ఆపేశారు" అని ఇంట్లో కూర్చుని తిట్టుకున్నాం.

ఫైలు తెరిచాక అడగాల్సినవి మూడే ప్రశ్నలు. కేసు ఇప్పుడు ఏ కాగితం కోసం, లేదా ఏ మనిషి కోసం ఆగింది? అది తెచ్చే బాధ్యత ఎవరిది, మాదా మీదా? వచ్చే వాయిదా రోజు మనం ఏం వేస్తున్నాం? జవాబులు ఆయన ఎదురుగానే నోట్‌బుక్‌లో రాయండి. రాసింది చదివి వినిపించి "ఇంతేనా సార్" అని అడగండి. పాత సంగతులు తవ్వొద్దు, "ఇన్నాళ్ళూ ఏం చేశారు" అనొద్దు. ఆ ప్రశ్నకు ఏ జవాబు వచ్చినా కేసు ఒక్క అడుగు కూడా కదలదు. కోపం వస్తుంది, నాకూ వచ్చింది. రెండేళ్ళుగా మంచం మీద ఉన్న మనిషికి రాకుండా ఎలా ఉంటుంది? ఆ గంటసేపు మాత్రం దాన్ని బయట పెట్టి వెళ్ళాలి.

కేసు డాక్టరు సాక్ష్యం దగ్గర ఆగి ఉంటే ఇంకొంచెం లోతుగా మాట్లాడాలి. వైకల్యం 30 శాతం, 40 శాతం అని కాగితం మీద ఉంటే సరిపోతుందనుకుంటారు. సరిపోదు. సుప్రీంకోర్టు 2010లో రాజ్‌కుమార్ కేసులో దీన్ని విడమరిచి చెప్పింది. శరీరంలో ఎంత శాతం వైకల్యం అన్నది వేరు, దానివల్ల సంపాదన ఎంత పోయిందన్నది వేరు. ఎడమ చెయ్యి పోయిన డ్రైవరుకో వడ్రంగికో సంపాదన దాదాపు మొత్తం పోవచ్చు. గుమాస్తాకు ఉద్యోగమే పోకపోవచ్చు. అందుకే వైద్యం చేసిన డాక్టరో, పరీక్షించిన డాక్టరో సాక్ష్యం చెప్పాలి. ఎముకలు పూర్తిగా అతుక్కోకముందే శాతం తేల్చమని డాక్టర్ల వెంట పడకండి. తొందరపడి తెచ్చుకున్న తక్కువ శాతమే ఆఖరుకు ఖాయమవుతుంది. కేసు ఆలస్యమైనా లాభించేది ఇలాంటి చోటే.

"డాక్టరు కోర్టుకు రానంటున్నారు" అని లాయరు చెబితే అక్కడితో ఆగొద్దు. ఆసుపత్రికే వెళ్ళి వాంగ్మూలం రాసుకునేలా అడ్వకేట్ కమిషనర్‌ను నియమించమని పిటిషన్ వేయవచ్చు. ట్రిబ్యునళ్ళు ఇలా చేయవచ్చని అదే తీర్పులో ఉంది. ఈ పిటిషన్ వేయమని పేరుపెట్టి అడగండి. వాయిదా మరీ దూరంగా ఉంటే తేదీని ముందుకు జరపమని అడ్వాన్స్ పిటిషన్ వేయవచ్చు. కారణం బలంగా ఉండాలి: ఇంకో ఆపరేషన్ ఉందనో, ఇంట్లో సంపాదించేవాళ్ళు లేరనో.

ఈ కూర్చోవడంలోనే లోక్ అదాలత్ మాట, అంటే కంపెనీతో రాజీ పడి కేసు ముగించుకునే మాట వస్తుంది. విసిగిపోయిన మనిషికి అది చల్లటి కబురులా వినిపిస్తుంది. లోక్ అదాలత్ మంచిదే, నేను రెండు కేసులు అక్కడే తేల్పించాను. కానీ అక్కడ సంతకం పెడితే అదే ఆఖరు, దాని మీద అప్పీలు లేదు. ట్రిబ్యునల్ తీర్పు మీదైతే 90 రోజుల్లో హైకోర్టుకు వెళ్ళవచ్చు. కాబట్టి వైద్యం ఇంకా నడుస్తుంటే సంతకం పెట్టకండి. పెట్టేముందు వయసు, ఆదాయం, వైకల్యం లెక్కలు కాగితం మీద వేయించుకోండి. తీర్పు వచ్చినప్పుడు పరిహారం మీద వడ్డీ ఇచ్చే అధికారం కూడా ట్రిబ్యునల్‌కు ఉంది, ఆ వడ్డీ సాధారణంగా పిటిషన్ వేసిన తేదీ నుంచి లెక్కిస్తారు. కంపెనీ ఆఫర్‌లో ఆ వడ్డీ కలిసిందో లేదో అడగండి.

బయటికి వచ్చాక ఆ రాత్రే మాట్లాడుకున్నవి నాలుగు లైన్లలో లాయరుకు మెసేజ్ పెట్టండి. "సార్, ఇవాళ అనుకున్న ప్రకారం బత్తా మేం రేపు కడతాం, సమన్ల పిటిషన్ మీరు వచ్చే వాయిదాకు వేస్తారు" అన్నంత మర్యాదగా ఉంటే చాలు.

ఐదో పని: రెండు వాయిదాలు చూడటం

అనుకున్నది జరిగిందా అని రెండు వాయిదాలు యాప్‌లో చూడండి. రోజూ ఫోన్లు చేయొద్దు. జరిగితే ఆయననే ఉంచుకోండి. నెమ్మదిగా ఉన్నా ఫైలు తెలిసిన మనిషి, ఫైలు తెలియని చురుకైన మనిషి కంటే నయం. ఏమీ జరగకపోతే అడిగినవన్నీ రాసి స్పీడ్ పోస్టులో ఒక ఉత్తరం పంపి, పదిహేను రోజులు ఆగండి.

ఆఖరి పని: లాయరును మార్చడం

ముందు కోర్టులో కాపీ అప్లికేషన్ పెట్టి పిటిషన్, కౌంటరు, డాకెట్ ఆర్డర్ల (వాయిదాల్లో కోర్టు రాసిన ఉత్తర్వుల) సర్టిఫైడ్ కాపీలు తీసుకోండి. అవి చేతిలో ఉంటే పాత ఫైలు రావడం లేటైనా కొత్త లాయరు పని మొదలుపెట్టగలరు. పాత లాయరు దగ్గర 'నో అబ్జెక్షన్' తీసుకుని కొత్త వకాలత్ (మన తరఫున వాదించే అధికారం లాయరుకు ఇచ్చే కాగితం) వేయించడం పద్ధతి. ఆయన సంతకం పెట్టనంటే కోర్టు అనుమతి కోరుతూ పిటిషన్ వేయవచ్చు.

"ఫీజు ఇస్తేనే ఫైలు" అంటే భయపడొద్దు. ఫీజు బాకీ ఉందని క్లయింటు కాగితాలు ఆపుకునే హక్కు అడ్వకేటుకు లేదని సుప్రీంకోర్టు 2000లో తేల్చింది. బాకీ ఉంటే వసూలుకు ఆయన దారి ఆయనకుంది. చేసిన పనికి న్యాయంగా రావాల్సింది మాత్రం ఇచ్చేయండి. "వచ్చినదాంట్లో ఇంత శాతం" అనే ఒప్పందం బార్ కౌన్సిల్ నిబంధనలకు విరుద్ధం. తెలంగాణ నుంచి వెళ్ళిన ఒక మోటారు ప్రమాదం కేసులోనే 2017లో సుప్రీంకోర్టు శాతాల ఫీజును తప్పుపట్టింది. కొత్త లాయరుతో ఫీజు అంకెల్లో మాట్లాడుకుని రాయించుకోండి. ఖాళీ చెక్కులు, ఖాళీ స్టాంపు కాగితాల మీద సంతకాలు ఎవరడిగినా పెట్టొద్దు. బ్యాంకు ఖాతా గాయపడ్డ మనిషి పేరు మీదే ఉండాలి, పాసుబుక్, ఏటీఎం కార్డు ఇంట్లోనే ఉండాలి.

డబ్బు లేదని ఆగిపోకండి. ఆడవాళ్ళకు, ఎస్సీ, ఎస్టీలకు, వికలాంగులకు ఆదాయంతో పనిలేకుండా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా లాయరును ఇస్తుంది. 15100కు ఫోన్ చేసి అడగవచ్చు, జిల్లా కోర్టులోనే వాళ్ళ ఆఫీసు ఉంటుంది.

పాత లాయరు నిజంగా మోసం చేస్తే, అంటే డబ్బు తినేసినా, చెప్పకుండా రాజీ పడినా, అడ్వకేట్స్ చట్టం 35వ సెక్షన్ కింద రాష్ట్ర బార్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేయండి. వినియోగదారుల కోర్టుకు వెళ్ళి లాభం లేదు, లాయర్ల సేవలు వినియోగదారుల చట్టం కిందికి రావని 2024 మేలో సుప్రీంకోర్టు చెప్పేసింది. కేసు నెమ్మదిగా నడిచిందన్న ఒక్క కారణంతో మాత్రం బార్ కౌన్సిల్‌కు వెళ్ళొద్దు. మీ ఓపిక, తిరుగుడు అసలు కేసుకు కావాలి.

కొత్త వకాలత్ వేసిన వారానికి యాప్ తెరిచి, పిటిషనర్ అడ్వకేట్ అన్నచోట ఎవరి పేరుందో చూడండి. ఇంకా పాత పేరే ఉంటే వకాలత్ రికార్డుకు ఎక్కిందో లేదో కోర్టు ఆఫీసులో అడిగి, వాయిదాకు ముందే సరిచేయించుకోండి.