కరెంటు బిల్లుపై పేరు సరిచూసుకున్న తరువాతే ఇంటిపై సోలార్‌కు దరఖాస్తు

ఇంటి పైకప్పు మీద సోలార్ ప్యానెళ్లు అమర్చుకుని విద్యుత్ పంపిణీ సంస్థ (డిస్కం) లైనుకు అనుసంధానించుకోవడానికి కేంద్ర ప్రభుత్వం 2024 ఫిబ్రవరిలో పీఎం సూర్యఘర్ ముఫ్త్ బిజిలీ యోజనను ప్రారంభించింది. దీనికి దరఖాస్తు చేయడం కష్టమైన పని కాదు. అయినా విద్యుత్ కార్యాలయాల నుంచి వట్టి చేతులతో వెనుదిరిగేవారు, డబ్బంతా కట్టి సబ్సిడీ కోసం మధ్యవర్తుల చుట్టూ తిరిగేవారు కనిపిస్తూనే ఉన్నారు. వారిలో చాలామంది ఫారం తప్పుగా నింపినవారు కారు. ఇంటి కరెంటు బిల్లు ఇంకా ఎవరి పేరు మీద నడుస్తోందో చూసుకోకుండా ముందుకు వెళ్లినవారు. అందువల్ల మిగిలిన దశలను క్లుప్తంగా చెప్పి, పేరు సంగతిని మాత్రం వివరంగా రాస్తున్నాను.

ముందుగా పథకం గురించి. ఒక కిలోవాట్‌కు 30,000 రూపాయలు, రెండు కిలోవాట్లకు 60,000, మూడు కిలోవాట్లకు గానీ అంతకు మించిన సామర్థ్యానికి గానీ గరిష్ఠంగా 78,000 రూపాయలు కేంద్ర సబ్సిడీగా లభిస్తాయి. నెలకు 150 యూనిట్ల లోపు వాడే ఇంటికి ఒకటి నుంచి రెండు కిలోవాట్లు, 150 నుంచి 300 యూనిట్లు వాడే ఇంటికి రెండు నుంచి మూడు కిలోవాట్లు సరిపోతాయి. కిలోవాట్‌కు సుమారు వంద చదరపు అడుగుల నీడ పడని స్థలం కావాలి. పథకం పేరులో ఉచితమన్న మాట ఉన్నంత మాత్రాన ప్యానెళ్లు ఉచితంగా రావు. ఖర్చు మొదట మనమే పెట్టుకోవాలి, లేదా బ్యాంకు రుణం తీసుకోవాలి. మూడు కిలోవాట్ల వరకు హామీ లేకుండా రెండు లక్షల రూపాయల దాకా రుణమిచ్చే ఏర్పాటు జన్‌సమర్థ్ పోర్టల్ ద్వారా ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో ఎస్సీ, ఎస్టీ కుటుంబాలకు రెండు కిలోవాట్ల వరకు డిస్కంలే ఉచితంగా అమర్చే కార్యక్రమం వేరుగా ఉంది కాబట్టి, ఆ కుటుంబాలు ఎవరికైనా అడ్వాన్సు ఇచ్చే ముందు స్థానిక విద్యుత్ కార్యాలయంలో విచారించుకోవడం అవసరం.

సబ్సిడీ గృహ వినియోగ కనెక్షన్లకు మాత్రమే వర్తిస్తుంది. బిల్లుపై కేటగిరీ ఒకటి అని ఉంటే అది గృహ వినియోగం. కేటగిరీ రెండు అని ఉంటే అది వాణిజ్య కనెక్షన్. కింద కిరాణా దుకాణం, పైన నివాసం ఉండి, ఇంటికంతటికీ కేటగిరీ రెండు మీటరు ఒక్కటే ఉన్నవారు ముందుగా నివాస భాగానికి వేరే సర్వీసు తీసుకోవలసి ఉంటుంది. ఇంటిపై సోలార్ కోసం ఇదివరకే ఏదైనా ప్రభుత్వ సబ్సిడీ పొందిన కుటుంబం మళ్లీ దరఖాస్తు చేయడానికి వీలులేదు.

ఇక అసలు విషయం. ఈ పథకానికి దరఖాస్తు చేసే జాతీయ పోర్టల్‌లో రాష్ట్రం, డిస్కం ఎంచుకుని సర్వీసు నంబరు నమోదు చేయగానే డిస్కం రికార్డులో ఉన్న పేరే తెరపైకి వస్తుంది. అది తాతగారి పేరు కావచ్చు, ఇరవై ఏళ్ల క్రితం ఇల్లు అమ్మిన పాత యజమాని పేరు కావచ్చు, ఫ్లాటు కట్టిన బిల్డరు పేరు కావచ్చు. మన ఇళ్లలో తండ్రి పోయిన తరువాత పొలం పాసు పుస్తకం గురించి, బ్యాంకు ఖాతా గురించి ఆలోచిస్తారు గానీ, కరెంటు బిల్లు ఎలాగూ నెలనెలా కడుతూనే ఉన్నాం గదా అని దాని జోలికి పోరు. పేరు తేడా ఉన్నా మొదటి దశలన్నీ సాఫీగానే సాగిపోతాయి. ఓటీపీ మన ఫోనుకే వస్తుంది, ఆమోదం వస్తుంది, ప్యానెళ్లు పైకెక్కుతాయి, లైనుతో ఇచ్చిపుచ్చుకున్న కరెంటును లెక్కించే నెట్ మీటరు కూడా బిగిస్తారు. అంతా అయిపోయి బ్యాంకు ఖాతా వివరాలు ఇచ్చే చివరి దశకు చేరిన తరువాత గానీ సబ్సిడీ ఆగదు. ఎందుకంటే ఆ సొమ్ము వినియోగదారుని ఖాతాలోకే నేరుగా జమ కావాలి, వినియోగదారుడిగా రికార్డులో ఉన్న వ్యక్తికి ఖాతా ఉండదు, లేదా ఆ వ్యక్తే ఉండరు. అప్పటికి చెల్లించవలసిన డబ్బంతా చెల్లించి ఉంటాం. సరిగ్గా ఆ సమయంలోనే, తనకు లోపల తెలిసినవారు ఉన్నారనీ కొంత ఖర్చు పెడితే పని చేయించగలననీ చెప్పే మనిషి తారసపడతాడు. అతను చేయించేది కూడా మనం మొదటే చేసుకోగలిగిన పేరు మార్పే.

కాబట్టి వెండరుతో, అంటే ప్యానెళ్లు అమర్చే సంస్థతో, మాట్లాడక ముందే, అంచనాలు వేయించుకోక ముందే, తాజా కరెంటు బిల్లు, ఆధార్ కార్డు, బ్యాంకు పాసు పుస్తకం పక్కపక్కన పెట్టి మూడింటిలోనూ పేరు ఒకే విధంగా ఉందో లేదో చూడాలి. తెలుగువారి పేర్లలో ఇంటిపేరు దగ్గరే చిక్కు వస్తుంది. బిల్లులో ఇంటిపేరు మొదటి అక్షరం మాత్రమే ఉంటుంది, ఆధార్‌లో పూర్తిగా ఉంటుంది, పాసు పుస్తకంలో పేరు తరువాత చివరన ఉంటుంది. పైగా ఇంగ్లిషు అక్షరాలలో రాసేటప్పుడు ఒకచోట ఒక అక్షరం ఎక్కువగా, మరొకచోట తక్కువగా పడుతుంది. మనిషి ఒకరే అయి అక్షరాలలో మాత్రమే తేడా ఉంటే దానికి పేరు సవరణ సరిపోతుంది. గుర్తింపు పత్రం నకలు జత చేసి దరఖాస్తు ఇస్తే చాలు. మనిషే వేరైనప్పుడు చేయవలసింది పేరు బదిలీ, అంటే డిస్కం వారు టైటిల్ ట్రాన్స్‌ఫర్ అని వ్యవహరించేది. ఈ రెండింటికీ పత్రాలు వేరు. పేరు బదిలీ కావలసినవారు సవరణకు దరఖాస్తు పెట్టడం వల్లనే అనేక దరఖాస్తులు తిరస్కరణకు గురవుతున్నాయి.

ఇల్లు కొన్నవారికీ, దానంగా లేదా భాగపంపిణీలో పొందినవారికీ పేరు బదిలీ సులువే. రిజిస్టర్డ్ దస్తావేజు నకలు, ఆధార్, బకాయి లేని తాజా బిల్లు, స్టాంపు పేపరుపై ఇండెమ్నిటీ బాండు (నష్టం వస్తే తామే భరిస్తామనే హామీ పత్రం) సమర్పిస్తే చాలు. దరఖాస్తును డిస్కం వెబ్‌సైటులో గానీ, కస్టమర్ సర్వీస్ సెంటర్‌లో గానీ ఇవ్వవచ్చు. మార్పును చేసేది మీటరు రీడింగ్ తీసుకునే వ్యక్తి కాదు, లైన్‌మన్ కాదు. బిల్లింగ్ వ్యవహారాలు చూసే విద్యుత్ రెవెన్యూ కార్యాలయం. కాబట్టి పని ఎక్కడ ఆగిందో తెలుసుకోవాలన్నా దరఖాస్తు నంబరుతో అక్కడికే వెళ్లాలి.

వారసత్వంగా వచ్చిన ఇంటి విషయంలో కొంత ఓపిక అవసరం. మరణ ధ్రువీకరణ పత్రంతో పాటు, తహసీల్దారు జారీ చేసే కుటుంబ సభ్యుల ధ్రువీకరణ పత్రం కావాలి. దీనికి తెలంగాణలో మీసేవ కేంద్రంలోనూ, ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ, వార్డు సచివాలయంలోనూ దరఖాస్తు చేయవచ్చు. ఆ పత్రంలో పేర్లున్న మిగిలిన వారసులందరూ తమకు అభ్యంతరం లేదని రాసి సంతకాలు చేసిన సమ్మతి పత్రం ఉండాలి. అన్నదమ్ములూ అక్కచెల్లెళ్లూ వేరువేరు ఊళ్లలో ఉన్నప్పుడు జాప్యం జరిగేది ఇక్కడే. అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉన్న వారసుని సంతకానికి అక్కడి భారత కాన్సులేట్ ధ్రువీకరణ అడిగే అవకాశం ఉంది కాబట్టి, ఆ కబురు అందరికంటే ముందు వారికే పంపడం మంచిది. సమ్మతి ఇస్తే ఇంటిలో తమ వాటా పోతుందేమోనన్న సందేహం తోబుట్టువులకు కలగడం సహజం. వారికి నెమ్మదిగా చెప్పవలసిన సంగతి ఏమిటంటే, కరెంటు బిల్లుపై పేరు ఉన్నంత మాత్రాన ఆస్తిపై హక్కు రాదు, పేరు లేనంత మాత్రాన ఉన్న హక్కు పోదు. అది విద్యుత్ సరఫరా కోసం డిస్కంతో చేసుకున్న ఒప్పందానికి మాత్రమే సంబంధించిన పేరు. ఈ మాట అర్థమైతే చాలా ఇళ్లలో ఆగిన సంతకం వెంటనే పడుతుంది.

గ్రామకంఠంలోని పాత ఇళ్లకు రిజిస్టర్డ్ దస్తావేజు ఉండదు. అటువంటివారు పంచాయతీ ఇంటి పన్ను రశీదు తమ పేరు మీదే ఉందో లేదో ముందుగా చూసుకుని, లేకపోతే అక్కడ మార్పించుకుని, దానితో పాటు ఇంకే పత్రం కావాలో విద్యుత్ రెవెన్యూ కార్యాలయంలో అడిగి తెలుసుకున్న తరువాతే దరఖాస్తు ఇవ్వాలి. ఇంటి పన్నులో ఒక పేరు, కరెంటు బిల్లులో మరొక పేరు ఉన్నప్పుడు ఒకదాన్ని మాత్రమే సరిచేసి ఊరుకుంటే రెండో చోట మళ్లీ ఆగిపోతుంది. బదిలీ పూర్తయిందనడానికి నమ్మదగిన గుర్తు ఒక్కటే: మరుసటి నెల బిల్లు కొత్త పేరుతో రావడం. అది చేతికి వచ్చేదాకా పోర్టల్ తెరవవద్దు, ఎవరెంత తొందరపెట్టినా సరే. పథకం 2026-27 ఆర్థిక సంవత్సరం వరకు అమలవుతుందని కేంద్రం ప్రకటించింది. పేరు మార్పుకు పట్టే కొద్ది వారాలను చూసి బెంగపడి సగం పత్రాలతో దిగితే ఎక్కువ కాలమే పోతుంది.

పేరు సరిపోయాక మిగిలినదంతా వేగంగా సాగుతుంది. పోర్టల్‌లో నమోదుకు రుసుము లేదు. సొంత ఫోను నంబరే ఇవ్వాలి. వెండరు మనుషుల నంబరు ఇస్తే దరఖాస్తు పగ్గాలు వారి చేతికి పోయినట్టే. విద్యుత్ వినియోగదారుల హక్కుల నిబంధనలకు 2024 ఫిబ్రవరిలో చేసిన సవరణ ప్రకారం, పది కిలోవాట్ల వరకు అన్ని వివరాలతో వచ్చిన దరఖాస్తుకు సాంకేతిక సాధ్యాసాధ్యాల పరిశీలన అవసరం లేదు, అది ఆమోదం పొందినట్టే లెక్క. మంజూరైన లోడు (కనెక్షన్‌కు డిస్కం అనుమతించిన కిలోవాట్లు) తక్కువగా ఉంటే దాన్ని పెంచవలసిన బాధ్యత డిస్కందే. అయిదు కిలోవాట్ల వరకు లైను గానీ ట్రాన్స్‌ఫార్మర్ గానీ బలోపేతం చేయవలసి వస్తే ఆ ఖర్చు కూడా డిస్కమే భరించాలి. అంటే ట్రాన్స్‌ఫార్మర్‌కు చెల్లించాలని చెప్పి మూడు కిలోవాట్ల ఇంటి నుంచి ఎవరైనా సొమ్ము అడిగితే అది నిబంధనలో లేని వసూలు. పది కిలోవాట్లు దాటినప్పుడు పరిశీలన ఉంటుంది, దానికి గడువు పదిహేను రోజులు.

వెండరును పోర్టల్‌లో మీ డిస్కం కింద నమోదైనవారి జాబితా నుంచే ఎంచుకోవాలి. సబ్సిడీ రావాలంటే ప్యానెలు, దాని లోపలి సెల్ రెండూ భారతదేశంలో తయారైనవే కావాలి. ఈ రకాన్ని బజారులో డీసీఆర్ ప్యానెళ్లు అంటారు. వీటి ధర ఎక్కువ కాబట్టి ఒప్పందంలో ఒకటి రాసి పైకప్పు మీద మరొకటి బిగించే ప్రమాదం ఉంది. ప్యానెళ్లను పైకి ఎక్కించక ముందే ప్రతిదాని వెనుక ఉన్న క్రమసంఖ్యను ఫొటో తీసుకుని, వెండరు ఇచ్చిన డీసీఆర్ ధ్రువపత్రంలోని సంఖ్యలతో పోల్చుకోవాలి. బిగించిన తరువాత ఆ సంఖ్యలు చూడటం కష్టం. కనీసం అయిదేళ్ల నిర్వహణ వెండరు బాధ్యత అన్న షరతు ఒప్పందంలో కనిపించాలి. నెట్ మీటరు ఎవరు కొంటారన్నది కూడా అందులోనే రాయించుకోవాలి. సబ్సిడీ మినహాయించుకుని మిగిలినదే ఇవ్వండని చెప్పి, ఆ సబ్సిడీ కోసం సంతకం చేసిన ఖాళీ చెక్కు అడిగేవారికి దూరంగా ఉండటం మేలు.

పని ముగిశాక ప్లాంటు వివరాలు పోర్టల్‌లో ఎక్కించి నెట్ మీటరుకు దరఖాస్తు చేయాలి. డిస్కం సిబ్బంది తనిఖీ చేసి, లైను నుంచి తీసుకున్న యూనిట్లను, లైనుకు ఇచ్చిన యూనిట్లను వేరువేరుగా నమోదు చేసే మీటరు బిగిస్తారు. దీనికి గడువు పదిహేను రోజులు. ఆ మీటరు వచ్చేదాకా ప్లాంటును ఆన్ చేయకూడదు. పాత మీటర్లలో చాలావాటికి విద్యుత్తు ఏ దిక్కుకు పోతోందో తెలియదు. మనం లైనుకు ఇచ్చిన యూనిట్లను కూడా మనం వాడినట్టుగానే లెక్కగట్టి బిల్లు పెంచుతాయి. ప్యానెళ్లు సిద్ధంగా ఉండగా ఎండ వృథా అవుతోందన్న ఆత్రంతో మీట నొక్కినవారికి ఆ నెల ఎదురయ్యే అనుభవం ఇదే.

రెండు విషయాలు ముందే తెలిసి ఉంటే తరువాత ఆందోళన ఉండదు. లైనులో కరెంటు పోయినప్పుడు బ్యాటరీ లేని సోలార్ ప్లాంటు కూడా ఆగిపోతుంది. అది లోపం కాదు. స్తంభం మీద మరమ్మతు చేస్తున్న లైన్‌మన్‌కు మన ఇంటి నుంచి వచ్చే కరెంటు తగలకుండా, ప్యానెళ్ల కరెంటును ఇంటి కరెంటుగా మార్చే ఇన్వర్టరులో పెట్టిన రక్షణ. ఇక, ఒకే ట్రాన్స్‌ఫార్మర్ కింద చాలా ఇళ్లు సోలార్ పెట్టుకున్న వీధిలో, వాడకం తక్కువగా ఉండే మధ్యాహ్న వేళ విద్యుత్తు వెనక్కి ప్రవహించి వోల్టేజీ పెరుగుతుంది, దానితో ఇన్వర్టర్లు తమంతట తాము ఆగిపోతాయి. ఎండ బాగా ఉన్న సమయంలోనే ఉత్పత్తి పదేపదే నిలిచిపోతుంటే వెండరును నిందించే ముందు ఇన్వర్టరు చూపే వోల్టేజీని సమయంతో సహా నమోదు చేసి డిస్కం అసిస్టెంట్ ఇంజనీరు (ఏఈ) కార్యాలయంలో రాతపూర్వకంగా ఇవ్వాలి. ట్రాన్స్‌ఫార్మర్‌లో వోల్టేజీని సర్దే ట్యాప్ మార్చడం, ఫేజుల మధ్య లోడు సర్దడం వారి పరిధిలోని పనులే.

ప్లాంటు పనిచేయడం మొదలైందని ధ్రువీకరించే కమిషనింగ్ నివేదిక పోర్టల్‌లో కనిపించిన తరువాత బ్యాంకు వివరాలు, రద్దు చేసిన చెక్కు నకలు ఎక్కిస్తే సబ్సిడీ ముప్పై రోజుల లోపు ఖాతాలో జమ కావాలి. రాకపోతే పోర్టల్‌లోనే ఫిర్యాదు నమోదు చేసి ఆ సంఖ్యను దాచుకోవాలి. పేరు బదిలీలో గానీ నెట్ మీటరులో గానీ డిస్కం జాప్యం చేస్తే మొదట 1912 ఫోను నంబరుకు, అక్కడా పరిష్కారం దొరకకపోతే వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదికకు, ఆపైన విద్యుత్ అంబుడ్స్‌మన్‌కు వెళ్లవచ్చు. వేదిక ముందు న్యాయవాది అవసరం లేదు. దరఖాస్తు రశీదు, తేదీలు, జత చేసిన పత్రాల నకళ్లు వరుసగా పెట్టుకుని వెళ్తే వినియోగదారుడే తన మాట చెప్పుకోగలడు.