ఫుట్‌బాల్‌లో వేగం తగ్గకుండా స్టామినా పెంచుకోవడం ఎలా?

మ్యాచ్‌లో ఆటగాడు దాదాపు 10 కిలోమీటర్లు తిరుగుతాడు. అందులో ఎక్కువ భాగం నడకే, నెమ్మది పరుగే. గోల్ పడేదీ ఆగేదీ మాత్రం 10–30 మీటర్ల పరుగులో. అందుకే రోజూ పొద్దున్నే ఐదు కిలోమీటర్ల జాగింగ్ ఒక్కటే నమ్ముకోవద్దు. కాళ్లు ఆ వేగానికే అలవాటుపడతాయి.

1. ముందు కొలుచుకోండి. ఆరు నిమిషాలు ఆగకుండా, చేతనైనంత గట్టిగా పరిగెత్తి దూరం రాసుకోండి. 1440 మీటర్లు వస్తే సెకనుకు 4 మీటర్లు. మరో రోజు 30 మీటర్ల పరుగును ఫోన్‌లో స్లో మోషన్ వీడియో తీసి టైమ్ చూడండి. స్టాప్‌వాచ్ నొక్కే చేతి ఆలస్యంలోనే అసలు తేడా కొట్టుకుపోతుంది.

2. ఆదివారం మ్యాచ్ ఉంటే సోమవారం విశ్రాంతి, మంగళవారం వేగం. 15 నిమిషాల వార్మప్ తర్వాత 20 మీటర్లు ఆరుసార్లు, 30 మీటర్లు నాలుగుసార్లు, పూర్తి వేగంతో. ప్రతి పరుగు తర్వాత, పరిగెత్తిన 10 మీటర్లకు ఒక నిమిషం చొప్పున విశ్రాంతి. చాలామంది తప్పు చేసేది ఇక్కడే: ఆయాసం రాలేదని విశ్రాంతి తగ్గించేస్తారు. కండరంలో క్షణాల్లో ఖర్చయ్యే శక్తి మళ్లీ నిండాలంటే నిమిషాలు పడుతుంది. ఆగకుండా పరిగెత్తితే అది వేగం సాధన కాదు, అలసట సాధన. 30 మీటర్ల పరుగు 4.5 సెకన్ల నుంచి 4.7కు జారిందంటే ఆ రోజుకు ఆపేయండి.

3. బుధవారం స్టామినా. ఆరు నిమిషాల పరుగులో వచ్చిన మీ వేగానికి 15 శాతం కలపండి. సెకనుకు 4 మీటర్లయితే 15 సెకన్లలో 69 మీటర్లు. అక్కడ కోన్ పెట్టి 15 సెకన్లు పరుగు, 15 సెకన్లు ఆగడం, ఇలా 12 సార్లు. మూడు నిమిషాలు నడిచి ఇంకో సెట్. జట్టు ఉంటే దీని బదులు 40×30 మీటర్ల చోటులో నలుగురితో నలుగురు, నాలుగు నిమిషాల ఆట నాలుగుసార్లు ఆడించవచ్చు. ఆట ఆగకుండా గీత చుట్టూ బంతులు ఉంచండి.

4. గురువారం బంతితో తేలిక సాధన. శుక్రవారం 20 మీటర్లు నాలుగుసార్లు చాలు. శనివారం కాళ్లను వదిలేయండి.

వేగం, స్టామినా రెండూ ఒకే రోజు చేయక తప్పకపోతే వేగమే ముందు. అలసిన కాళ్లతో స్ప్రింట్ తీస్తే తొడ వెనక కండరం పట్టేసే ప్రమాదం ఎక్కువ. వారమంతా స్ప్రింట్ మానేసి నేరుగా మ్యాచ్‌లో తీసినా అంతే.

మూడు వారాలకోసారి రెండు కొలతలూ మళ్లీ తీయండి. ఆరు నిమిషాల దూరం పెరిగి 30 మీటర్ల టైమ్ కూడా పెరిగితే, అంటే వేగం తగ్గితే, బుధవారం ఒక సెట్ తీసేయండి.